స్తోత్రం కామా కాదు

...స్తోత్రం కామా కాదు, హల్లెలూయా ఫుల్‌స్టాపూ కాదు. ఎన్నేళ్లుగా చెబుతున్నానో. ఒక్కరూ వినరు. మాట మరిచిపోయిన చోట స్తోత్రం, గుర్తొచ్చిన చోట హల్లెలూయా. మరీ తడబడితే ‘మీ పక్కవారితో చెప్పండి’ అంటారు. పక్కవాడు ఇంకో పక్కవాడికి చెప్పేలోపు వీళ్లు కాగితం చూసుకుంటారు...

మాస్టారి ఆలోచన అక్కడిదాకా వచ్చేసరికి వేదిక మీద శారోన్ మళ్లీ “స్తోత్రం” అంది.

పాస్టర్లను తయారుచేసే ఆ సెమినరీలో చాపెల్ ఖాళీగా ఉంది. వింటున్నది మాస్టారొక్కరే. రేపు ఈ బెంచీల్లో బోర్డు పెద్దలు కూర్చుంటారు. ఆమె ప్రసంగం నచ్చితే ఏటి మధ్య లంకలో ఒక సంఘానికి పాస్టరుగా పంపుతారు. నచ్చకపోతే ఆదివారం బడి పిల్లలు, హార్మోనియం. ఇంతవరకూ ఇక్కడ ఏ ఆడపిల్లా ఆ పరీక్షకు నిలబడలేదు. బోర్డు అధ్యక్షులవారికి ఆడవాళ్లంటే ఎంతో గౌరవం. వాళ్లకు గొంతు ఉండకూడదని ఆయన ఎన్నడూ అనలేదు. మైకు ఉండకూడదనే అన్నారు.

సెమినరీ చరిత్రంతా గోడ మీద ఫ్రేములు కట్టి ఉంది. కాలవలో పడవ మీద వచ్చి దీన్ని పెట్టిన దొర, ఆయన గడ్డం. తర్వాతి దొరలు, వాళ్ల గడ్డాలు. ఆ తర్వాత మనవాళ్లు, దొరల గడ్డాలు.

నోరు తిరగడం నేర్పే మాస్టారి కుర్చీ కూడా దొర కాలం నాటిదే. అందులో కూర్చున్నవాళ్లలో ఒక్కరి ఫొటో కూడా గోడ మీద లేదు. తనదీ ఉండదని మాస్టారికి తెలుసు. బాధ లేదనుకుంటారు. లేని బాధను ఇంత తరచుగా ఎందుకు తడిమి చూసుకుంటున్నానా అని మాత్రం అనుమానం.

“ఆగమ్మా” అన్నారు. “నువ్వు గొర్రెల మందను ఎక్కడ చూసేవు?”

శారోన్ తప్పిపోయిన గొర్రె గురించి చెబుతోంది. ఎడారి, కొండలు, ముళ్లపొదలు అన్నీ పెట్టింది.

“చూళ్లేదండి.”

“అక్కడ లంకలో నీ మాట వినేవాళ్లు చూసేరా?”

“లేదండి. కానీ బైబిల్లో గొర్రే ఉందండి.”

“లంకలో గేదె ఉంది. మొన్న వరదకి మీ నాన్నగారు ఏం చేసేరు?”

“అందర్నీ గట్టు మీదకి చేర్చేక, ఒక గేదె ఉండిపోయిందని మళ్లీ పడవేసుకుని వెళ్లేరండి. మా అమ్మ ఒకటే తిట్లు.”

“ఏమని?”

“ఇన్ని గేదెలు గట్టు మీదుంటే ఆ కుంటిదాని కోసం చస్తావా, నీకంటే దానికే తెలివుంది అని అండి.”

“అదీ ప్రసంగం. అది చెప్పు.”

“వేదిక మీద గేదేంటండీ! అధ్యక్షులవారు నవ్వుతారు.”

“నవ్వేరంటే వింటున్నట్టేగా. ఆ ఫొటోల్లో ఉన్నవాళ్లెవరూ సాధించలేదది.”

శారోన్ కాగితం మడిచేసి మళ్లీ మొదలుపెట్టింది. కుంటిగేదె మెడదాకా నీళ్లలో నిలబడి అరవడం. తండ్రి పడవలోంచి దూకడం. తాడు పట్టుకుని, పసిపిల్లతో మాట్లాడినట్టు దానితో మాట్లాడుతూ గట్టుదాకా నడిపించుకు రావడం. ఎక్కడా ఒక్క స్తోత్రం కూడా పడలేదు. చివర్న ఒకే ఒకసారి అంది. ఆ మాటంటే మాస్టారికి చిన్నప్పటినుంచీ గౌరవం. చాలా కాలానికి అది దాని అర్థంతో వినబడింది.

వెంటనే కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, తడి అద్దాలదే అన్నట్టు.

నమ్మి చెప్పు, నమ్మి చెప్పు అని ఇన్నేళ్లూ అందరికీ నేర్పేరు. మీరు నమ్ముతారా అని ఎవరూ ఎదురడగలేదు. మర్యాదస్తులు. ప్రార్థన వేళ అందరూ కళ్లు మూసుకుంటే ఆయన తెరిచే ఉంచుకుంటారు. అందుకే ఎవరు గడియారం చూసుకుంటున్నారో ఆయనకే తెలుసు. క్రిస్మస్ విందులో అరటిపండు తిని లేచిపోతారు. కడుపు సున్నితం అంటారు. శనివారాలు ఇటు రానే రారు. మాస్టారు యూదుల్లా శనివారం సబ్బాతు పాటిస్తున్నారని కుర్రాళ్ల వేళాకోళం.

“రేపు మీరూ రండి మాస్టారూ. వెనక బెంచీలో కూర్చుంటే చాలండి.”

“రేపు శనివారం కదమ్మా.”

“ఆయ్, మర్చిపోయేనండి.” మెట్లు దిగి వచ్చి నిలబడింది. “పోనీ నా కోసం ప్రార్థన చెయ్యండి.”

ఈ ఆవరణలో ఆ మాట ‘భోంచేసి వెళ్లండి’ లాంటిది. అడిగినవాళ్లు గేటు దాటగానే మర్చిపోతారు. సరేనన్నవాళ్లు అంతకుముందే మర్చిపోతారు.

“నా ప్రార్థన ఎందుకు పనికొస్తుందమ్మా?”

“ఎవరిది పనికొస్తుందో మనకెలా తెలుస్తుందండీ? అధ్యక్షులవారూ చేస్తున్నారు కదండీ, నేను తప్పాలని.”

మాస్టారికి నవ్వొచ్చింది. “ఆయ్, చేస్తాను” అన్నారు.

ఇన్నేళ్లలో ఆ మాట ఎందరితోనో అన్నారు. ఒక్కరి కోసమూ చేయలేదు. అనడానికీ చేయడానికీ మధ్య హాయిగా బతకడం ఆయన ఇక్కడే నేర్చుకున్నారు. కానీ ఇవాళ బస్సు దిగేదాకా ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

మర్నాడు పొద్దున్న శారోన్ వేదిక మెట్లెక్కే వేళకి, అప్పనపల్లి బాలబాలాజీ సన్నిధిలో అర్చకులు ప్రతి శనివారంలాగే పళ్లెం పట్టుకుని పేరూ గోత్రమూ అడిగితే, మాస్టారు జంధ్యం సర్దుకుని, “పేరు శారోన్ అండి, గోత్రం... మాదే, కానివ్వండి” అన్నారు.