శాంపిల్‌లో ఒకడు తక్కువ

"ఇంకొక్కడు కావాలి సుమన్," అన్నారు ఫోన్‌లో గైడ్ కమలాకర్ సార్. "చదువు మధ్యలో వదిలేసి మగ్గం పనికి వచ్చినవాడు. అదీ పెద్ద చదువు. అలాంటివాడు ఒక్కడూ లేకుండా కార్మికుల చదువుల మీద పరిశోధనేమిటని కమిటీ అడుగుతోంది."

"దొరకడం లేదు సార్."

"సూరత్‌లోనే ఉన్నావు కదయ్యా. చుట్టూ మగ్గాలే అంటావు."

చుట్టూ మగ్గాలే. కరోనా వల్ల హైదరాబాద్‌లో యూనివర్సిటీ హాస్టల్ మూసేశాక సుమన్ సూరత్‌లో తెలుగు నేత కార్మికులుండే లింబాయత్‌కు, తల్లి దగ్గరకు వచ్చేశాడు. వాళ్ళ ఇంటికీ, సాంచాలని అక్కడివాళ్ళు పిలిచే మరమగ్గాల షెడ్డుకీ మధ్య ఒక్క గోడ.

కానీ ఆ గోడ దాటి వెళ్ళి ఎవరినీ ఏమీ అడగకూడదు. యూనివర్సిటీ సర్క్యులర్ పంపింది. కార్మికులను నేరుగా కలవడం నిషేధం. అంతా ఫోన్ మీదే జరగాలి. ప్రశ్నా జవాబూ వినిపించేలా రికార్డు చేసి పంపాలి. పేరు మాత్రం చెప్పించకూడదు, అది నైతిక నియమం. గాలాడని షెడ్డులో మనుషులను పక్కపక్కన నిలబెట్టి పని చేయించడానికి అడ్డురాని జబ్బు, వాళ్ళను రెండు మాటలు అడగడానికి అడ్డొచ్చింది.

"నా ఫెలోషిప్ సంగతి ఏమైనా తెలిసిందా సార్?"

"అది పైనుంచి రావాలి. రిపోర్టు వెళితే కదా వాళ్ళు చూసేది. రిపోర్టు వెళ్ళాలంటే శాంపిల్ నిండాలి. సాయంత్రంలోగా పంపు. ఇక గడువు పొడిగించరు, నీ సీటే పోతుంది."

ఫోన్ పెట్టేశారు. సుమన్‌కు ఒళ్ళు మండిపోయింది. శాంపిల్ నిండాలట, బిందె నిండినట్టు.

ఎవరిని అడగాలి? లాక్‌డౌన్‌లో సగం మంది రైలెక్కి ఊళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు అతని నంబరు చూస్తే ఫోన్ ఎత్తడం లేదు. పొద్దున పక్కింటి బిక్షపతి ఎత్తాడు గానీ, ఎత్తింది తిట్టడానికే.

"మొన్న ఒకలు అడిగిరి, నిన్న ఒకలు అడిగిరి. పోరగాండ్లు ఆన్‌లైన్ క్లాస్ ఇంటున్నరా, ఇంట్ల ఫోన్ ఉన్నదా అని. అడిగినోడు ఒక్కడన్న ఫోన్ కొనిచ్చిండా? నువ్వు గూడ గంతే."

చీర మీద మెరుపు రాళ్ళు అంటిస్తున్న తల్లి రాజమ్మ తలెత్తింది.

"ఊకె గట్ల కూసుంటే ఎట్ల బిడ్డా? ఒకడున్నడు గద. పెద్ద సదువు సదివి సాంచాల కాడ నిలవడ్డోడు. వాన్ని అడుగు."

సుమన్ మొహం ముడుచుకున్నాడు. "వాడు నోరిప్పడమ్మా. వానికి సిగ్గు."

"నువ్వడిగితె గూడ చెప్పడా? జల్ది గానియ్. వాడు డ్యూటీ ఎక్కినంక ఇగ ఏడ దొరుకుతడు?"

 అడగాలంటే సుమన్‌కు మనసొప్పలేదు. అడగకపోతే ఇన్నేళ్ళ చదువు సాయంత్రానికి గంగలో కలుస్తుంది. చివరికి లేచి లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకు వేశాడు. ఫోన్‌లో రికార్డింగు పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారం. మీ పేరు చెప్పనవసరం లేదు. ఎంతవరకు చదువుకున్నారు?"

"శాన సదివిన. గా ముచ్చట అడగకుండ్రి."

"అడగక తప్పదండి."

"ఎమ్మే అయింది. ఆ పైన గూడ షురూ జేసిన. నడుమల ఆగింది."

"ఎందుకు ఆగింది?"

"అన్నీ మూసిండ్రు గద. క్లాసులు మూసిండ్రు, లైబ్రరీ మూసిండ్రు. గడువులు మాత్రం మూయలే."

"మగ్గం పని ముందే వచ్చా?"

"మా నాయినది గీ పనే. నేను చెయ్యొద్దనే నన్ను సదివించిండు. కరోనాల ఆయన పోయిండు. ఆయన సాంచాలు నాకప్పజెప్పిండు సేటు."

సుమన్ కాగితంలో తరువాతి ప్రశ్న వెతుక్కున్నాడు.

"ఈ పనిలో మీ చదువు ఏమైనా ఉపయోగపడుతోందా?"

"పోగు తెగితే ముడెయ్యాలె. దానికి ఎమ్మే ఎందుకు?"

"మీలాంటి వారి కోసం యూనివర్సిటీలు ఏం చేయాలంటారు?" ఇది కమిటీ పెట్టమన్న ప్రశ్న. అడుగుతుంటే అతనికే చిరాకేసింది.

"ఏం జెయ్యకున్నా మంచిదే. జర అడుగుడు బంద్ జెయ్యుండ్రి."

"మళ్ళీ చదువుకోవాలని ఉందా?"

 గోడ అవతలి మగ్గాల చప్పుడూ రికార్డవుతోంది.

"ఉన్నది. శాన ఉన్నది. గా ముక్క జర మంచిగ రాసుకోండ్రి సారూ."

"రాస్తాను," అన్నాడు సుమన్. అతని కళ్ళు నిండాయి.

రికార్డింగు ఆపి గైడ్‌కు పంపాడు. ఎప్పుడూ రెండు రోజులకు గానీ పలకని మనిషి నుంచి కాసేపటికే మెసేజ్ వచ్చింది. "విన్నాను. చప్పుడు ఎక్కువగా ఉంది. అయినా కమిటీకి కావలసింది సరిగ్గా ఇలాంటివాడే. ఎక్కడ పట్టావయ్యా? ఇతణ్ణి వదలకు, వచ్చే ప్రాజెక్టుకు కూడా పనికొస్తాడు."

రెండు గొంతులూ తనే మాట్లాడి ఎండిపోయిన నోట్లో నాలుగు గుక్కల నీళ్ళు పోసుకుని, సుమన్ తండ్రి నడిపిన మగ్గాల దగ్గరకు డ్యూటీకి బయల్దేరాడు.