అమ్మ వైపు మనిషి

పిన్ని పోయిన రోజు కండక్టర్ పిల్ల ఏడవలేదు.

“పెంచిన చెయ్యే! ఒక్క చుక్కయినా రాల్చవే,” అంది పక్కింటావిడ.

“నా కన్నీళ్ళు మా అమ్మవి అత్తా. సవతి తల్లికి పెట్టను.”

కన్నతల్లి ముఖం ఆమెకు తెలియదు. తను పుట్టిన వారానికే పోయింది. ఆ తర్వాత నాన్న చేసుకున్న మనిషి ఈవిడ.

“అమ్మా అని పిలవవే,” అని నాన్న ఎంత బతిమాలినా ఆమె నోరు తిరగలేదు.

“పిన్ని అనే పిలవనివ్వండి. పిల్ల సరిగ్గానే పిలుస్తోంది,” అనేది ఆవిడ.

ఇద్దరికీ పేచీ ఒక్కచోటే.

“మా అమ్మ తాలూకు మనుషులెవరు?”

“అక్కడ నీకెవరూ లేరు.”

“మా అమ్మేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా?”

“నీ మొండితనం తగలెయ్య! ముందు తిను.”

ఇప్పుడు మాట దాటేసేవాళ్ళు లేరు. నాన్నా ఎప్పుడో పోయాడు. ఆయన నోరు జారి ఒకసారి అన్న మాట మాత్రం ఆమెకు గుర్తుంది. అమ్మ పుట్టిన ఊరి పేరు, ఆ ఇల్లు పిండిమర వెనకాలని.

డ్యూటీకి సెలవు పెట్టి ఆ ఊరి బస్సెక్కింది.

పిండిమర ఉంది. వెనక ఇల్లు లేదు. గోడౌను లేచింది. మర దగ్గర, కనుబొమల దాకా తెల్లబడ్డ ముసలావిడ సంచిలోకి పిండి దింపుతోంది.

“ఈ వెనకింట్లో, బిడ్డను కని పోయిన అమ్మాయి ఉండేది కదా... ఆవిడ కూతుర్ని!” మర హోరు మీదుగా అరిచింది.

“అబ్బ, ఏం గొంతే! బస్సులో కండక్టరువా?”

“అవును, కండక్టర్నే!”

ముసలావిడ పకపకా నవ్వింది.

“మీ అమ్మ గట్టిగా దగ్గేది కూడా కాదు. ఈ నోరు దాని చెల్లెలిది.”

కండక్టర్ పిల్ల సంచి అంచు గట్టిగా పట్టుకుంది.

“అమ్మకి చెల్లెలుందా?”

“ఉండటమేంటి! అల్లుడి మీద కోపంతో మీ తాత నిన్ను ఎవరికో ఇచ్చెయ్యబోయాడు. అది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ‘నేనుండగా ఈ పిల్లనెవరు ముట్టుకుంటారో చూస్తా’ అంది. ‘నన్నెదిరిస్తే నీకీ ఇల్లు లేదు. జన్మలో మా పేరెత్తకూడదు’ అన్నాడాయన. ‘ఎత్తను, పోండి’ అంది. దాని నోట మాటంటే మాటే.”

“ఎక్కడుంది మామ్మా? చెప్పు, ఇప్పుడే వెళ్తాను. అమ్మ వైపు ఒక్క మనిషుంటే చాలు నాకు!”

ముసలావిడ మర ఆపింది. బెల్టు కాస్త తిరిగి నిలిచిపోయింది.

“నన్నడుగుతావేంటే పిచ్చిపిల్లా! ఆ రోజే నిన్ను గుడ్డలో చుట్టుకుని మీ నాన్న దగ్గరికెళ్ళి, ఆయన్నే పెళ్ళాడి, అక్కడే ఉండిపోయింది కదా!”