గెలుపు సోడా

“ముందు సోడా, తర్వాతే తూకం” అంటూ సోడా ఫ్యాక్టరీ మామగారు, పరీక్షకొచ్చిన అధికారి చేతిలో సీసా పెట్టేశారు.

అల్లుడికి కాళ్లు నేలమీద నిలవడం లేదు. పక్కవీధి రొట్టెల బట్టీ పొగగొట్టానికి తగిలించిన అతని యంత్రం, భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడును నెలల తరబడి పట్టి, చిన్న సిలిండరులో కుక్కింది. పిసరు తగ్గకుండా నిండుగా తూగిందా, ఊళ్లో ప్రతి పొగగొట్టానికీ అలాంటి యంత్రమే. తూగలేదా, రేపట్నుంచి మామగారి ఫ్యాక్టరీలో సీసాలు కడగాలి. మాట అలా ఇచ్చాడు మరి.

“గాలి మూటగట్టేవాడికి పిల్లనిచ్చానని నిన్నటిదాకా తల పట్టుకున్నానండీ” అన్నారు మామగారు అధికారితో. “తీరా చూస్తే నేను సీసాల్లో కొట్టేదీ, వీడు పొగలోంచి లాగేదీ ఒకటే గ్యాసట. నేను జనం చేత తాగిస్తాను, వీడు భూమిలో పాతేస్తానంటాడు. అంతే తేడా.”

“పాతితేనే లాభమండీ. మళ్లీ గాల్లోకి వదిలేస్తే పడ్డ పాటంతా...”

అధికారికి ఆపైన మాట రాలేదు. ఇంత పొడుగు త్రేన్పు వచ్చింది.

అందరూ ఘొల్లుమన్నారు. బట్టీ యజమాని ఊరుకుంటాడా, అంతకన్నా పెద్దది వదిలాడు. అల్లుడి భార్యకు సోడా ముక్కులోకెక్కి, కళ్లనీళ్లు కారుతుంటే నవ్వలేక మొగుడి భుజం మీద వాలిపోయింది.

“ఏం ఘాటండీ బాబూ” అంటూ అధికారి ఇంకో సీసా అందుకున్నాడు. “తూకానిదేముంది, ఎక్కడికీ పోదుగా.”

మామగారు వీధిన పోయేవాళ్లనీ వదల్లేదు. “రండి రండి, మావాడి గెలుపు సోడా. తాగకుండా వెళ్తే ఒప్పుకోను.”

వాకిలంతా బ్రేవ్ బ్రేవ్‌మని ఒకటే మోత. అల్లుడు కూడా మరో సీసా గటగటా తాగేసి, కడుపు నిమురుకుంటూ తూకం బల్లని దగ్గరికి లాక్కున్నాడు.

ఆ సందట్లో మామగారికి ఏదో తట్టింది. ఖాళీ సీసాల బుట్టతో లోపలికెళ్తున్న అత్తగారిని ఆపారు.

“ఇదిగో, మన గ్యాసు బండి ఈ వారం రానేలేదు కదే. ఇంతమందికి సోడా ఎలా కొట్టావ్?”

అత్తగారు అల్లుడి వంక మురిపెంగా చూశారు.

“అల్లుడుగారి సిలిండరు ఉందిగా.”