నెలాఖరులోగా

కంటి ఆపరేషన్ నెలాఖరులోగా చేయించుకొమ్మని మా అబ్బాయి ఒకటే పోరు పెట్టాడు. ఆఫీసు వాళ్లిచ్చిన బీమా కార్డు ఉందిగా అన్నాడు.

"నాకోసం సెలవు పెడితే నీ ఉద్యోగానికి ఎసరొస్తుందిరా. సెలవులడిగే వాళ్లనే ముందు తీసేస్తారట. ఈ పండుటాకుకి చూపెందుకు?" అన్నాను.

ఒకటో తారీఖు పొద్దున వాడు అన్నం డబ్బా అడగలేదు. "ఇవాళ సెలవా?" అంటే తలూపాడు.

"అయితే పద, ఆ కన్నేదో చూపించుకొద్దాం," అంటూ చీర మార్చుకుని వచ్చాను.

వాడు గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఉన్నట్టుండి తీసేశారమ్మా, నెలయింది. నీకు నిద్ర పట్టదని చెప్పలేదు. రోజూ డబ్బా పట్టుకుని పని వెతుక్కుంటూ తిరిగాను. కార్డు నిన్నటిదాకే చెల్లింది."

పోయిన ఉద్యోగానికి నెల రోజులు నా కన్ను కాపలా పెట్టాను.