వంటింట్లో ఇంటర్వ్యూ

"మళ్ళీ 'మేము' అంటన్నావేటి?" అన్నాను.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉద్యోగం కోసం మా ఆవిడ రాగిణి వీడియోలో ఇంటర్వ్యూ పాఠాలు తీసుకుంటోంది. అక్కడి కోచ్ మొదటిరోజే హెచ్చరించింది: "మేము చేశాం అంటే, మరి మీరేం చేశారని అడుగుతారు. మీ పని మీదని చెప్పుకోండి."

రాగిణికి అది రాదు. తను పనిచేసే బంటింగ్ ఫ్యాక్టరీలో, అదే రంగుజెండాల తోరణాలు కుట్టేచోట, ఆగిన మెషిన్ తనొక్కతే బాగుచేసినా "మేము సేసినాం" అంటుంది. అందుకని రోజూ వంటింట్లో నేనే జర్మన్ మేనేజర్ని. తప్పినప్పుడల్లా గరిటెతో బల్లమీద కొట్టేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఉద్యోగం వచ్చింది.

"అక్కడ ఇల్లు సూసినాను. ఒక్క గదే, నాకు సాలు. వచ్చే నెల ఎలిపోతాను" అంది రాగిణి.

గరిటె నా చేతిలోనే ఉంది. కొట్టడానికి తప్పేమీ దొరకలేదు.