పీల్చేది కాదు, మింగేది

"ఏమక్కా, అట్ట సూస్తా ఉండావే? నా నోట్లో లడ్డేమన్నా కనబడతా ఉండాదా?"

తిరుపతిలో ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, నోట్లోకి ఇన్‌హేలర్ పఫ్ కొట్టుకుని గట్టిగా గాలి పీల్చిన ఏకాంబరం, పక్కనున్న ఆవిడను ఆటపట్టించాడు.

ఆవిడకు అరవై దగ్గర పడుతున్నాయి. నూలు చీర, తలమీద కొంగు, ఒళ్లో టిఫిన్ క్యారియర్.

"ఆయాసమా అప్పా?"

"నాకేం ఆయాసం? నేను ఈడ పెద్ద డాక్టర్ని! డాక్టర్ ఏకాంబరం, పలమనేరు."

ఆ పేరు వినగానే ఆవిడ అతని వైపు పూర్తిగా తిరిగింది.

"అట్టనా సార్! మరి ఆ పఫ్ దేనికి?"

"అన్నం గొట్టంలో వాపు. అదేందో అలర్జీ అంట. సంగటి ముద్ద గూడా దిగదు, ఆడనే నిలబడిపోతాది. రెండు నెల్లుగా పీలుస్తా ఉండా, ఏం గుణం లేదు. ఇంక గొట్టాన్ని సాగదీయాలంట."

తన డాక్టరుతనం సంగతి ఏకాంబరం అప్పుడే మరిచిపోయాడు.

"పీలుస్తా ఉండారా?"

"పఫ్పును పీల్చక, సంగట్లో నంజుకుంటారా?"

"మీరు డాక్టరు, మీకు తెలీందేముండాది. సంగటి ఊపిరితిత్తుల్లోకి పోతాదా సార్?"

"యాడన్నా పోతాదా! అన్నం గొట్టంలోకే."

"మరి మందును యాడికి తోలుతా ఉండారు?"

ఏకాంబరం చేతిలోని పఫ్పును అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"గాలి పీల్చకుండా నోట్లో కొట్టుకుని మింగాల. ఆమీట అరగంట నీళ్లు గూడా ముట్టకూడదు. లోపల డాక్టర్ని అడిగి సూడండి."

లోపలికెళ్లి అడగ్గానే, అతనికి వైద్యం చేస్తున్న డాక్టర్ హరినాథ్ నెత్తి కొట్టుకున్నాడు.

"ఆ పొద్దు ఇదే గదప్పా చెప్పినాను! నువ్వు నర్సుతో ఎకసెక్కాలాడతా కూర్చున్నావు. మూడు నెలలు మింగి రా. సాగదీసేది అప్పుడు చూద్దాం."

ఏకాంబరం బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీ.

మూడు నెలల తర్వాత బేనీషా మామిడిపండ్ల పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు.

"సార్, నిన్న సంగటి, మటన్ తిన్నా. నీళ్లు తాగకుండానే దిగింది. ఎదురుగా కూర్చుని మా ఇంటామె ఏడ్సేసింది."

"మందు పనిచేసింది అప్పా."

"మందుకు దోవ సూపించింది బెంచీ మీది అక్క సార్! పేరన్నా అడగలేదు. రోజూ మొదటి ముద్ద ఆమెను తలుసుకునే మింగుతా ఉండా. ఈ పండ్లు ఆమెకే. పాపం అమాయకురాలు, నేను డాక్టర్నంటే నమ్మేసింది!"

ఆ రోజు జరిగిందంతా విని హరినాథ్ నవ్వాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఆ టిఫిన్ క్యారియర్ ఆమె ఇంక ఈడికి రాదప్పా. ఆ సాయంత్రమే రిటైరై పోయింది."

"రిటైరా? ఆమె రోగి కాదా?"

"క్యాన్సరేమోనని నేను భయపడి పంపిన నీ అన్నం గొట్టంలోని ఆవగింజంత ముక్కను మైక్రోస్కోపులో చూసి, కాదు, ఇది అలర్జీ వాపని కనిపెట్టిన డాక్టర్ గౌసియా బీ ఆమె!"