ఖాళీ బండి

బకెట్ ఎగిరి గోడకు తగిలింది. దాణా అంతా నేలపాలైంది.

తన్నింది ఓ ముసలాయన.

డ్రైవర్‌కు ఒళ్లు మండిపోయింది.

జంతు సంరక్షణ సంస్థలో అతను చేరి పట్టుమని పది రోజులు కాలేదు. అంతకుముందు స్కూలు బస్సు నడిపేవాడు. మనసు వెన్నే. కోపం మాత్రం ముక్కు మీద ఉంటుంది.

పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ వచ్చింది. ఊరి చివర పాత గోడౌను వెనక షెడ్డులో ఓ గుర్రం తిండి లేక చావుబతుకుల్లో ఉందట. ఫోన్ల దగ్గర కూర్చునే అక్క అతనికి అడ్రసు చెప్పింది. డాక్టరమ్మ ఇంకో చోటి నుంచి రావాలి. "నువ్వు ముందెళ్లి దాని దగ్గర ఉండు" అంది అక్క. అంబులెన్సు వేసుకుని ఆఘమేఘాల మీద వచ్చాడు.

వచ్చి చూస్తే, అది గుర్రమా? ఎముకల గూటికి తోలు కప్పినట్టుంది. లేచి నిలబడే ఓపిక కూడా లేదు. మూతి ముందు గుప్పెడు ఎండుగడ్డి, ముష్టి వేసినట్టు.

డ్రైవర్ పరుగున అంబులెన్సు దగ్గరికి వెళ్లాడు. బండిలోంచి బకెట్ నిండా దాణా తెచ్చాడు. గుర్రం మెడ చాచింది. సరిగ్గా అప్పుడే, గుర్రం వెనక నుంచి లేచొచ్చిన ముసలాయన ఈ తన్ను తన్నాడు.

"పెట్టొద్దు బాబూ! దానికి దాణా పెట్టొద్దు!"

"ఓహో, నువ్వేనా దీని యజమానివి? మాడ్చింది చాలక, పెట్టేవాడికి అడ్డం పడతావా?"

"గడ్డి పెట్టు బాబూ. గుప్పెడే. కాసేపాగి ఇంకో గుప్పెడు. ఇట్లాంటివి చాలా చూశాను. మాడినన్నాళ్లూ ఎట్లాగో బతికే ఉంటాయి. పాపమని ఎవరో కడుపునిండా దాణా పెడతారు. ఆ తర్వాత పోతాయి."

"చాలా చూశావా? అంటే ఇప్పటికి ఎన్నింటిని పొట్టన పెట్టుకున్నావు?"

ముసలాయన మొహం చిన్నబోయింది.

"గేటు బయట ట్రాలీ బండి నీదేగా? తాళ్లూ, టార్పాలిన్ పట్టా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మేం వచ్చేలోగా గుర్రాన్ని మాయం చేద్దామనా?"

"అది కాదు బాబూ, పొద్దున ఫోను..."

"చేసుకో! ఏ మంత్రికి చేసుకుంటావో చేసుకో!"

చొక్కా పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లి ఒక్క తోపు తోశాడు. ముసలాయన మోకాళ్ల మీద పడ్డాడు. మెల్లగా లేచి దుమ్ము దులుపుకున్నాడు. ఆ మొహంలో కోపం లేదు.

"గుప్పెడే బాబూ" అన్నాడు మళ్లీ. కుంటుకుంటూ వెళ్లి బండి ఎక్కాడు. ఖాళీ బండి గడగడమంటూ వెళ్లిపోయింది.

డ్రైవర్ ఏదో ఘనకార్యం చేసినవాడిలా మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. రెండో బకెట్ నింపుతున్నాడో లేదో, డాక్టరమ్మ స్కూటర్ వచ్చి ఆగింది.

నేల మీది దాణా చూసి ఆవిడ మొహం పాలిపోయింది.

"తిన్నదా? ఎంత తిన్నది?"

"ఒక్క గింజ కూడా తిననివ్వలేదండీ, ఆ దుర్మార్గుడు తన్నేశాడు!"

డాక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని గుర్రం నోరు తెరిచి చూసింది. గుండె విన్నది. అప్పుడు గానీ ఆవిడకు ఊపిరి ఆడలేదు.

"బతికించాడు" అంది.

"ఎవరండీ?"

"ఆ దుర్మార్గుడే! నెలల తరబడి ఎండిన కడుపయ్యా ఇది. ఒక్కసారిగా ఇంత దాణా పడితే తట్టుకోలేదు. రెండు మూడు రోజుల్లో గుండె ఆగిపోయేది. నేను వచ్చేదాకా ఆగాలని నీకు ముందే చెప్పాల్సింది, నాది తప్పు. ఎవరాయన?"

"యజమానండీ" అన్నాడు డ్రైవర్, గొంతు తగ్గించి.

"యజమాని ఇప్పుడే నాతో ఫోన్లో మాట్లాడాడు. ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. గుర్రాన్ని మనకు అప్పగిస్తూ సంతకం పెట్టడానికి వస్తానన్నాడు."

డ్రైవర్ గుండె జారిపోయింది. ఆఫీసుకు ఫోన్ చేశాడు.

"అక్కా, పొద్దున ఫోన్ చేసిందెవరు?"

"పేరు చెప్పలేదురా. పెద్దాయన గొంతు. యజమాని నంబరు కూడా ఆయనే ఇచ్చాడు. మీరొచ్చేదాకా గుర్రం పక్క నుంచి కదలనన్నాడు. కనబడలేదా?"

డ్రైవర్ ఫోన్ పెట్టేశాడు. వీధిలోకి పరుగెత్తాడు. ఆ చివర నుంచి ఈ చివర దాకా బండి జాడ లేదు.

ఏం చేస్తాడు? వెనక్కి వచ్చి గుర్రం ముందు కూలబడ్డాడు. గుప్పెడు గడ్డి పెట్టాడు. కాసేపాగి ఇంకో గుప్పెడు. మధ్యాహ్నం దాకా అదే పని. ఆరో గుప్పెడు అయ్యాక గుర్రం ముందుకాళ్లు ఊనింది. ఓసారి తూలింది. మరోసారి ప్రయత్నించి, నాలుగు కాళ్ల మీదా నిలబడింది. డాక్టరమ్మ నవ్వేసింది. డ్రైవర్ మాత్రం చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

అప్పుడొచ్చాడు యజమాని. సంతకం గీకేసి, "తీసుకుపోండి, పీడా వదిలింది" అన్నాడు.

తర్వాత గేటు వైపు చూసి నొసలు చిట్లించాడు.

"అవునూ, ఇక్కడ ఓ ట్రాలీ బండి ఉండాలే?"

డ్రైవర్ దిగ్గున లేచాడు. "ఆ ముసలాయన మీకు తెలుసా? ఎవరండీ ఆయన?"

"తెలియకేం? ఊళ్లో చచ్చిన గొడ్లను ఎత్తుకుపోయేవాడు. ఇవాళ్టికి గుర్రం పోతుంది, వచ్చి తీసుకెళ్లమని నిన్ననే చెప్పాను. తీరా వచ్చి, ఖాళీ బండితో పోయాడేంటి?"